తాయమ్మ వాసెనగుడ్డ

తెల్లవారినాక తాయమ్మ మొదట చేసే పని చేతులు కడుక్కోవడం. ఒకసారి బూడిదతో, ఒకసారి చింతపండు పిప్పితో, ఇంకోసారి ఉత్త నీళ్ళతో. మూడుసార్లు. రెండుసార్లు కడిగినవాళ్ళను ఆమె మనుషుల్లో చేర్చేది కాదు. ఆ తరువాత ఇత్తడి బిందె చంకన బెట్టుకొని తిరుత్తణి రోడ్డు పక్కనుండే ఊరబావికి పోయేది. కే.జీ.కండిగైకి అరమైలు దూరంలో ఉండే ఆ పల్లెలో ఇరవై ఇళ్ళకూ అది ఒకటే మంచినీళ్ళ బావి. ఒకటే బావి అంటే ఇరవై ఇళ్ళ మురికీ ఒకచోటే అని అర్థం.

ఆ బావి గట్టు మీద జరిగేది చూస్తే తిన్నది కడుపులో నిలవదు. ఒకడు గట్టు మీదే నిలబడి పుక్కిలిస్తాడు. ఒకామె బిడ్డ ముడ్డి కడిగిన చేత్తోనే చేంతాడు పట్టుకుంటుంది. చేద అడుగున పేడ అంటుకొని ఉంటే దాన్ని అట్లనే దించుతారు. ఏమే అని అడిగితే, "ఇంత బాయిలో అంత పేడ ఏం చేస్తుందిలే" అంటారు.

"నీ కూట్లో అంత పేడ వేస్తాను, తింటావా?" అని అడిగేది తాయమ్మ.

వాళ్ళు బిందెలు ఎత్తుకొని జారుకునేవాళ్ళు. తాయమ్మతో నోరు పెట్టుకున్నవాళ్ళకు మూడు దినాలు నిద్ర ఉండదని ఊరికంతా తెలుసు.

ఇంటికి వచ్చినాక వడపోత. వంటింటి మూల ఇత్తడి అండా ఒకటి ఉండేది, కూచున్న మనిషంత ఎత్తు. దాని మూతికి వాసెనగుడ్డ కట్టాల. నాలుగు మడతలు. ఐదైతే నీళ్ళు దిగవు, మూడైతే దిగకూడనివి దిగుతాయి. నడుమ కొంచెం గుంట పడేటట్టు వదులుగా కట్టి, బిందె వంచి, సన్నటి ధారగా పోయాల. గబగబా కుమ్మరించేవాళ్ళు నీళ్ళు వడగట్టడంలేదు, గుడ్డ తడుపుతా ఉండారు అంతే. ఆ గుడ్డ తాయమ్మ అత్తది, నగరి నేత. ఆమె పోయేటప్పుడు కమ్మలు ఎవరికో చెప్పలేదు గానీ, గుడ్డ పెద్దకోడలికి అని చెప్పి కన్ను మూసింది.

నాచు, చీమ, ఆకుతునక ఏ గుడ్డ మీదైనా నిలుస్తాయి. ఈ గుడ్డ మీద మనుషులు చేసిన మురికి కూడా నిలిచేది, చేసినవాళ్ళ రూపంలో. పెసరగింజంత రూపం. పెరుమాళ్ బావి దగ్గర ఎద్దును కడిగిన మరునాడు గుడ్డ మీద పెసరగింజంత పెరుమాళ్, వాడి వెనక ఎద్దు. పుక్కిలించినవాడు దవడలు ఉబ్బించుకొనే కూచుని ఉండేవాడు. సబ్బు, చెమట, ఉచ్చ, నీళ్ళలో కరిగిపోయిందిలే, ఎవరికి తెలుస్తుందిలే అనుకున్నవన్నీ అక్కడ గట్టిపడి, జిగురుజిగురుగా, వాటి కంపుతో సహా దొరికేవి. తాయమ్మ కొంగుతో ముక్కు మూసుకొని, కొబ్బరీనెతో ఒక్కొక్కటే ఎత్తి చిప్పలో వేసుకొని, ఎవరిది వాళ్ళ గడప మీద పెట్టి వచ్చేది. "ఇదో, నీది నువ్వే ఉంచుకో" అని.

ఊర్లో దాన్ని ఎవరూ వింత అనుకోలేదు. "వాసెన మీద తేలింది" అంటే పంచాయతీలో ఇంక వాదన లేదు. పెరుమాళ్ తన రూపాన్ని బొటనవేలి గోటి మీద పెట్టుకొని, వెలుతురుకు తిప్పి చూసి, "మీసం బాగా వచ్చిందక్కా" అన్నాడే గానీ కాదనలేదు. వారం తిరక్కుండా మళ్ళీ అక్కడే ఎద్దును కడిగినాడు. మనుషుల జాతి అట్లాంటిది.

ఊరి మీద తాయమ్మకు కోపం చిల్లరగా ఉండేది. ఒక్క మనిషి మీద మాత్రం మూటగట్టి ఉండేది. ఆ మనిషి గోడ అవతలి ఇంట్లో ఉండే తోడికోడలు వరదమ్మ.

తొమ్మిదేండ్ల కిందట భాగాలు పంచుకున్న పొద్దు, ఆ అండాను ఇద్దరూ చెరొక పక్క పట్టుకున్నారు. చివరికి అది పెద్దకోడలికే వచ్చింది. అప్పుడు వరదమ్మ పెద్దమనుషుల ముందర చేతులు దులుపుకొని, "పోనీలే అక్కా, ఇత్తడి నువ్వే తాగు. మాకు మట్టికుండ చాలు" అనింది. నలుగురు నవ్వినారు. ఆ నవ్వినవాళ్ళు ఎవరెవరో, ఎవరు ఏ పక్క కూచున్నారో తాయమ్మకు ఇప్పటికీ తెలుసు. ఆ పొద్దు నుంచి ఆమె వరదమ్మతో మాట్లాడలేదు, ఆ ఇంట్లో గుక్కెడు నీళ్ళు ముట్టలేదు. చెప్పాల్సింది ఉంటే గోడకు చెప్పేది.

"మట్టికుండంట, మట్టికుండ! లోపల ఏముందో కంటికి కనబడుతుందా? పాచి, జిడ్డు, ఎంగిలి, అన్నీ పీల్చుకొని నంగనాచి మాదిరి కూచుంటుంది. ఛీ!"

గోడ అవతల వరదమ్మ దగ్గేది. వినబడింది అని చెప్పడానికి.

తాయమ్మ ఇంట్లో కొరత ఒకటే. కొడుకు మునికృష్ణకు పెండ్లయి నాలుగేండ్లు. కోడలు కాంచన తిరునిన్రవూరు పిల్ల, మెత్తనిది. రెండుసార్లు కడుపు నిలిచి, రెండుసార్లూ ఐదో నెలలో పోయింది. ఇప్పుడు మూడోసారి, నాలుగో నెల. తాయమ్మ మాటలు నమిలే మనిషి కాదు. కోడలిని ఎదురుగా కూచోబెట్టి చెప్పేసింది. "ఇది కూడా నిలవకపోతే నువ్వు మీ అమ్మగారింటికి పోయి ఉండాల్సిందే. మింజూరులో ఒక పిల్లను చూసి పెట్టినాను."

"రెండో పెండ్లి ఇప్పుడు చట్టం ఒప్పుకోదంటమ్మా" అని గొణిగినాడు మునికృష్ణ.

"చట్టం వచ్చి నీకు బిడ్డను కంటుందా?"

వాడు కండువా భుజాన వేసుకొని చెనిక్కాయ చేనికి పోయినాడు. వాడి చేతిలో ఆ మధ్య పార సరిగా నిలవడం లేదు, మణికట్టు వాలిపోతా ఉండేది. కాంచనకు కడుపులో మెలిపెట్టే నొప్పి. తాయమ్మకు కూడా ఆ నొప్పి ఉండేది, పండ్ల చిగుళ్ళ మీద నీలంగా ఒక గీత కూడా పడింది, కానీ ఆమె ఎవరికీ చెప్పలేదు. అంతా ఆ బావి వల్లే అని ఆమెకు తెలుసు. బావిలో వరదమ్మ ఏదో కలుపుతోంది. లేకుంటే ఆ ఇంట్లో ముగ్గురు బిడ్డలు గుండ్రాళ్ళ మాదిరి ఎట్లా తిరుగుతా ఉండారు? రోజూ గుడ్డ విప్పినప్పుడు ఆమె వెదికేది ఒక్క రూపం కోసమే. పెరుమాళ్ళు దొరికేవాళ్ళు, పుక్కిలించేవాళ్ళు దొరికేవాళ్ళు. వరదమ్మ మాత్రం తొమ్మిదేండ్లలో ఒక్కసారీ దొరకలేదు. దొరక్కపోయేకొద్దీ తాయమ్మకు నమ్మకం పెరిగేది, ఎంత జాణ కాకపోతే ఇంత తప్పించుకుంటుంది అని.

"అత్తా, మన నీళ్ళు తాగితే నోట్లో తియ్యగా ఏదో నిలుస్తాంది" అనింది కాంచన ఒకనాడు.

"మంచినీళ్ళు తియ్యగా ఉండక చేదుంటాయా? అవతలి కుండలో నీళ్ళు తాగి చూడు, తెలుస్తుంది తేడా."

తిరుత్తణి కావళ్ళ పండగ ఆడికృత్తికకు పది దినాలుందనగా ధర్మలింగం వచ్చినాడు. అరక్కోణం తట్టు నుంచి తోలు తిత్తి మోసుకొని ఊరూరు తిరిగి కళాయి పూసేవాడు. ఇత్తడిలో నీళ్ళు నిలవుంచితే చిలుము దిగుతుంది, అందుకని లోపల తగరం పూయించాల. ఊర్లో అందరూ ఏడాదికి ఒకసారి పూయిస్తే, తాయమ్మ మూడుసార్లు పూయించేది. గోడ నీడలో గుంట తవ్వి, బొగ్గులు రాజేసి, అండాను కాల్చి, నవాసారం చల్లి, తగరం ముక్క వేసి పాత దూదితో వాడు తుడుస్తా ఉంటే, తాయమ్మ పీట వేసుకొని పక్కనే కూచుని చూసేది.

"ఇదేం కళాయి రా? ఊదితే లేచిపోయేటట్టుంది. కింద ఇత్తడి నన్ను చూసి నవ్వుతా ఉండాది."

"తగరం అంతే అమ్మా, పలచగానే పట్టేది."

"పోయినసార్లంతా మందంగా వేసినావు కదా? ఆ మాదిరి వెయ్యి. గోరు గుచ్చితే గోరు దిగాల. లేకుంటే మళ్ళీ కాల్చు."

ధర్మలింగం ఆమె మొగం చూసినాడు. సంచి అడుగు నుంచి వేరే ముద్ద ఒకటి తీసి వేసినాడు. ఈసారి కళాయి మందంగా, మబ్బు రంగుతో నిగనిగలాడింది. తాయమ్మ గోరు గుచ్చి చూసింది. దిగింది. "ఇప్పుడు కదా కళాయి" అని వాడికి పెద్ద చెంబుతో మజ్జిగ పోసింది, ఎత్తి పోసిందిలే, చెంబు తగలకుండా.

ఆడికృత్తికకు కావడి జనం రోడ్డు నిండా పోయినారు. అరోహర అరుస్తా పోయేవాళ్ళంతా ఆ బావి దగ్గర ఆగినారు. కాళ్ళు కడిగినారు, కురుపులు కడిగినారు, ముక్కు చీదిన చేతిని చేంతాడుకు తుడిచినారు. మరునాడు గుడ్డ మీద తిరునాళ్ళే. పుండు కాళ్ళు, గుండు తలలు, చీమిడి ముక్కులు, ఒకరి మీద ఒకరు పడి కంపు కొడతా ఉంటే తాయమ్మ వాకిట్లోకి పరుగెత్తి కక్కుకుంది. వాళ్ళ గడపలు ఏ ఊర్లోనో, యాడికని పోయి పెడుతుంది! రోడ్డు మీద నిలబడి తిట్టి తిట్టి గొంతు పోగొట్టుకుంది.

ఆ వెనకే హెల్తువాళ్ళు వచ్చినారు. బావిలో బ్లీచింగ్ పొడి చల్లి, రెండు దినాలు నీళ్ళు చేదకూడదని చెప్పినారు. తాయమ్మ అంతకు ముందే అండా నిండా, ఉన్న రెండు బిందెల నిండా నీళ్ళు వడగట్టి పెట్టుకొనింది. ఆ పొడి చల్లినవాడు ఇండ్లలో నీళ్ళెట్లా ఉంచుతారో చూడాల అని వంటింట్లోకి వచ్చి, అండా మూత తీసి, తాయమ్మ వద్దు వద్దు అనే లోపల వేలు ముంచి, నాలుక మీద పెట్టుకొని, "గుడ్ వాటర్" అని పోయినాడు.

వేలు! గోటి కింద నల్లటి మట్టి ఉన్న వేలు!

ఆ పొద్దు ఆమె అన్నం ముట్టలేదు. పారబోద్దామంటే బావి మూసినారు. "మళ్ళీ వడగట్టాల. మొత్తం" అనింది కాంచనతో.

"దేంట్లోకి అత్తా? రెండు బిందెల్లోనూ నీళ్ళే ఉండాయి."

తాయమ్మ ఏదో అనేలోపల కాంచన కొంగు సర్దుకొని గోడ అవతలికి పోయింది. తిరిగి వచ్చినప్పుడు వెనకాల వరదమ్మ ఉంది, నడుము మీద కొత్త మట్టికుండ. బరువు మోయకూడని పిల్ల అని తనే తెచ్చింది. గడప దాటకుండా నిలబడింది.

"కాల్చిన వాసన కూడా పోలేదక్కా. ఎంగిలి లేదు, జిడ్డు లేదు. భయపడకు" అనింది, నవ్వు ఆపుకుంటా.

"వచ్చినవాళ్ళు పెట్టి పోతే బాగుంటుంది" అని గోడతో చెప్పింది తాయమ్మ.

వరదమ్మ పోలేదు.

కుండ మూతికి వాసెనగుడ్డ కట్టినారు. కాంచన అండాలో చెంబు ముంచి తీసి సన్నగా పోసింది. మొదటి చెంబుకే పొడి చల్లినవాడు దొరికినాడు, పెసరగింజంత, చూపుడువేలు పైకెత్తుకొని. "చూసినారా!" అని తాయమ్మ ఈనెతో వాడిని ఎత్తి చిప్పలో పడేసింది. కడుపు చల్లబడింది.

రెండో చెంబు పోస్తే ఇంకోటి నిలిచింది. ఇది వేరే మాదిరి. బూడిద రంగు. పెసరగింజంతే ఉన్నా దాని బరువుకు గుడ్డ వంగింది. జిగురు లేదు. తాయమ్మ ముక్కు దగ్గర పెట్టి చూసింది. కంపు కూడా లేదు. కంపులేని మురికిని ఆమె పుట్టి చూడలేదు.

"ఎవరిది?" అనింది కండ్లు చికిలించి.

కాంచన చూసి, తల దించుకుంది.

"అడుగుతా ఉంటే చెప్పవే! ఎవరిది?"

"ముక్కుపుడక చూడక్కా" అనింది వరదమ్మ గడప దగ్గర నుంచి. ఆ గొంతులో ఇప్పుడు నవ్వు లేదు.

కుడిపక్క ముక్కుపుడక. ఎడమ చేయి నడుము మీద. గడ్డం పైకెత్తి, ఎదుటివాళ్ళ గడప మీద ఏదో పెట్టడానికి పోయే మనిషి మాదిరి నిలబడి ఉంది ఆ రూపం.

"నేనా?" అనింది తాయమ్మ. "మూడుసార్లు కడుగుతాను నేను. పొయ్యి ఇంకా, పొయ్యి!"

కాంచన పోసింది. ఇంకొక తాయమ్మ. మళ్ళీ పోసింది. ఇంకో ఇద్దరు. కుండ నిండినప్పుడంతా వరదమ్మ గడప దగ్గరికి ఇంకో కుండ అందించింది. అండా అడుగు కనబడేసరికి గుడ్డ గుంటలో బూడిద రంగు తాయమ్మలు ఒకరి మీద ఒకరు పడి, కావడి జనం మాదిరి కుప్పగా ఉన్నారు. అందరూ గడ్డం పైకెత్తుకొనే ఉన్నారు.

కాంచన చెంబు కింద పెట్టింది. రెండు చేతులూ కడుపు మీద పెట్టుకొని నేల మీద కూచుంది. పెండ్లయి వచ్చినాక ఆ ఇంట్లో గొంతు ఎత్తని పిల్ల, అప్పుడు కూడా ఎత్తలేదు.

"నాలుగేండ్లుగా నేను తాగింది ఈ నీళ్ళే అత్తా" అనింది.

వరదమ్మ తన ఇంటికి పోయి చెంబు నిండా నీళ్ళు తెచ్చింది. ఈసారి గడప దాటి వచ్చి కాంచన చేతికిచ్చింది. కాంచన అత్త వైపు చూసింది. తాయమ్మ వద్దనలేదు. గుటక గుటకగా చెంబెడు నీళ్ళూ తాగి, "తియ్యగా లేవు" అనింది కాంచన.

తాయమ్మ ఆ కుప్పను చెంగున ముడేసుకొని కే.జీ.కండిగై సంతకు నడిచింది. ధర్మలింగం అక్కడ పని చేస్తా ఉన్నాడు. ముడి విప్పి వాడి ముందర పోసింది. వాడు ఒకదాన్ని తీసి రాయి మీద గీసినాడు. పెన్సిలు గీత మాదిరి నల్లగా పడింది. మెడ పట్టి వంచితే వంగిపోయింది.

"సీసం అమ్మా" అన్నాడు.

"నేను పూయమనింది తగరం."

"నువ్వు పూయమనింది మందంగా. తగరం మందంగా పట్టదని ఎన్నిసార్లు చెప్పినాను? అయిదేండ్ల కిందట మూడుసార్లు అండాను వాకిట్లోకి దొర్లించినావు. ఊరు దాటి పోవు అన్నావు. సీసం కలిపితే మందం వచ్చింది. నాకు మజ్జిగ పోసినావు."

"అట్లయితే గుడ్డ మీద నీ మొగం రావాల కదరా? నాది ఎందుకు వచ్చింది?"

ధర్మలింగం తిత్తి నొక్కడం ఆపినాడు. "మిగతా ఇళ్ళకంతా నేను పలచగానే వేస్తానమ్మా. మీ ఒక్క ఇంటికే ఇది. కలిపింది తప్పే, కొట్టు. కానీ లోపల ఏం కలిపినావని నువ్వెప్పుడూ అడగలేదు. గోరు గుచ్చి చూసినావు, అంతే."

తాయమ్మ తిట్టడానికి నోరు తెరిచింది. తొమ్మిదేండ్లు గోడకు చెప్పిన మాటలే నాలుక మీదికి వచ్చినాయి. లోపల ఏముందో కంటికి కనబడుతుందా. వాటిని మింగింది.

వాటిని మళ్ళీ చెంగుకెత్తుకొని ఇంటికి పోయి ఆమె ఎప్పుడూ చేసేదే చేసింది. ఎవరిది వాళ్ళ గడప మీద పెట్టాల. తన గడప మీద ఆ రూపాలను వరసగా నిలబెట్టింది. ఊరంతా ఏదో ఒక పని పెట్టుకొని ఆ పక్కగా పోయి చూసి వచ్చింది. పెరుమాళ్ నిలబడి చూసి, మీసం మాట ఎత్తకుండా పోయినాడు. వాన పడేటట్టు ఉందని మునికృష్ణ వాటిని ఊడ్చి దూరంగా పారేస్తానన్నాడు.

"యాడ పారేస్తావు?" అనింది తాయమ్మ. "చేన్లో వేస్తే కాలవలోకి, కాలవలో వేస్తే బాయిలోకి. నీళ్ళు పోని చోటు ఒకటి చూపించు, అక్కడ వేస్తాను."

వాడు చీపురు పక్కన పెట్టేసినాడు. ఆమె వాటిని ఒక పాత పేలికలో గట్టిగా మూటకట్టి నడుముకు దోపుకుంది. అండాను పశువుల కొట్టంలో బోర్లించింది, గొడ్లకు కుడితి పెట్టడానికి కూడా వాడనియ్యలేదు. మింజూరుకు కొడుకు చేత ఒక కార్డు రాయించింది. పిల్లకు వేరే సంబంధం చూసుకోండి అని ఒకటే ముక్క. కార్డు రాసేటప్పుడు మునికృష్ణ చేయి వణికింది, అది సీసం వల్లో, సంతోషం వల్లో ఆమె అడగలేదు.

అప్పటి నుంచి రోజూ తెల్లవారి తాయమ్మ వాసెనగుడ్డ తీసుకొని గోడ అవతలికి పోయేది. వరదమ్మ కుండకు కట్టి నీళ్ళు పోసి వడగట్టేది. కుండలో నుంచి మళ్ళీ ఒకసారి ఇంకో కుండలోకి వడగట్టేది, బయటి మురికి ఒకటి, లోపలి మురికి ఒకటి అని ఇప్పుడు ఆమె లెక్క. మొదటి వడపోతకు పెరుమాళ్ దొరికేవాడు. రెండోదానికి ఏమీ దొరికేది కాదు. ఎండకు ఎత్తి పట్టి చూసేది. ఏమీ ఉండదు. దానికి కూడా ఆమెకు కొంచెం కోపం వచ్చేది. "కుండకు అడుగున మసి ఉండాది" అని గోడతో చెప్పేది. వరదమ్మతో మాట్లాడేది కాదు. అది వేరే సంగతి, తొమ్మిదేండ్లది.

ఐదో నెల వచ్చింది. తాయమ్మ రోజులు వేళ్ళ మీద లెక్కబెట్టింది. ఐదో నెల పోయింది. తిరుత్తణి ఆంధ్ర చెయ్యి జారి ఇంక మదరాసు రాష్ట్రానికే పోతుందని రచ్చబండ దగ్గర మొగోళ్ళు గొంతులు చించుకున్నారు. ఆ ఇంట్లో ఎవరికీ అది పట్టలేదు.

సంక్రాంతి పోయిన వారానికి, తై నెల మొదట్లో, పగటి పూట, కాంచనకు నొప్పులు వచ్చినాయి. మంత్రసాని కుప్పమ్మ తలుపు వేసుకొనింది. తాయమ్మ వాకిట్లో కూచుని చేతులు కడిగింది. బూడిద, చింతపండు, నీళ్ళు. మళ్ళీ బూడిద. అప్పటికి ఎన్నోసారో ఆమెకే తెలియదు. చేతులు తోలు లేచి ఎర్రబడినాయి.

లోపల బిడ్డ ఏడ్చింది. సన్నగా కాదు, ఊరు లేచేటట్టు.

కుప్పమ్మ పాత చీరగుడ్డలో చుట్టి తెచ్చింది. "ఆడపిల్ల. గట్టిది. పట్టుకోమ్మా, మొదట నాయనమ్మే కదా పట్టుకోవాల్సింది."

తాయమ్మ చేతులు చాచింది. చాచి, వాటిని చూసుకొని, వెనక్కి తీసుకుంది. నడుము దగ్గర మూట బరువుగా తగిలింది. గోడ పక్కన నీళ్ళకుండ చేత్తో పట్టుకొని వరదమ్మ నిలబడి ఉంది.

"వరదమ్మా" అనింది తాయమ్మ.

తొమ్మిదేండ్లయింది ఆ పేరు ఆ నోట్లో నుంచి వచ్చి.

"నువ్వు ఎత్తుకో ముందు."

వరదమ్మ కుండ దించి, కొంగుతో చేతులు తుడుచుకొని ముందుకు వచ్చింది. తాయమ్మ ఆగు అన్నట్టు చేయి ఎత్తింది.

"చేతులు ఎన్నిసార్లు కడిగినావు?"

వరదమ్మ తన చేతులు చూసుకొనింది. అబద్ధం చెప్పొచ్చు. వాసెన మీద తేలే సంగతి కూడా కాదు.

"రెండుసార్లక్కా."

తాయమ్మ ఆ చేతులను వేలు వేలు చూసింది.

"చాల్లే" అనింది. "ఎత్తుకో."